కొత్త సైలెన్సర్‌లో తయారీ లోపం: బిగించక ముందే పట్టుకోవడం, పట్టుకున్నాక చేయాల్సిన పని

మాది అమలాపురం దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊరు. మూడేళ్ల కిందట మా పాత పెట్రోలు కారుకు వెనక సైలెన్సర్ తుప్పుపట్టి రాలిపోతే, కంపెనీ పార్టు కాకుండా బయటి తయారీది కొన్నాను. బిగించేటప్పుడు వేలాడదీసే కొక్కెం దాదాపు అంగుళం పక్కకు ఉంది. మెకానిక్ కుర్రాడు రబ్బరును బలంగా లాగి తగిలించేసి, "రెండ్రోజులు తిరిగితే అదే సెట్టయిపోద్దండి" అన్నాడు. నేనూ సరేనన్నాను. రెండు నెలలు తిరక్కుండానే ముందున్న బెల్లోస్ (పైపు మధ్యలో వంగడానికి పెట్టే అల్లిక ముక్క) చిరిగింది. ఆ సంగతి నాకు తెలిసింది శబ్దం వల్ల కాదు. అమ్మను రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, రావులపాలెం దాటాక ఆమె తల దిమ్ముగా ఉందని అద్దం దించమంది. అప్పుడు బండి ఆపి కింద వంగి చూశాను.

ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పైపు కింద ఎక్కడ కారినా, ఫ్లోరులోని బెజ్జాల గుండానో ఏసీ గాలి దారిలోనో లోపలికి రావచ్చు. మన వైపు పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు ఏసీ వేసుకుని ఆగి ఉన్న కారులోనే పిల్లల్ని పడుకోబెట్టడం మామూలే. సైలెన్సర్ లైనులో అనుమానం ఉన్న బండిలో ఆ పని అస్సలు చేయకండి. బండి బాగున్నా సరే, నా మాట విని చేయకండి.

ఆ రోజు తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కొత్త పార్టును నేల మీద ఉన్నప్పుడే పరీక్షించాలి. ఒకసారి బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పైపు నల్లబడిందా, షాపువాడు వాపసు తీసుకోడు, మనమూ "పోనీలే" అని రాజీపడతాం.

కొనేటప్పుడు

కారు మోడల్, తయారైన నెల, సంవత్సరం, ఇంజిన్ రకం, పొగ ప్రమాణం బీఎస్-3నా 4నా 6నా అనేది ఆర్సీ చూసి చెప్పండి. ఒకే పేరున్న కారులో కూడా మధ్యలో ఫ్లాంజి (పైపులను బోల్టులతో కలిపే పళ్లెం), పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ ఉండే చోటు మారిపోతుంటాయి. అందుకే తయారీ లోపం అనుకున్నవాటిలో కొన్ని నిజానికి వేరే మోడల్ పార్టు రావడం వల్లే వస్తాయి. బిల్లు తప్పకుండా తీసుకోండి, దాని మీద పార్టు నంబరు రాయించండి. మన దగ్గర షాపుల్లో చాలావరకు సరుకు విజయవాడ ఆటోనగర్ నుంచి పార్సిల్‌లో తెప్పిస్తారు. పార్సిల్ వస్తే అట్టపెట్టె విప్పేటప్పుడే ఫోనులో వీడియో తీసుకోండి. దారిలో తగిలిన సొట్టకూ తయారీలో వచ్చిన వంకరకూ తేడా తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

కొత్తది చేతికొచ్చేదాకా పాతది విప్పకండి. విప్పాక కూడా పాత ఇనప సామానుకు వేసేయకండి. కొత్తదాని వంకర చెప్పడానికి మీ దగ్గర ఉన్న అసలైన కొలత ఆ తుప్పు పైపే.

నేల మీద చేసే పరీక్షలు

దీనికి కావలసినవి స్టీలు స్కేలు, ఫీలర్ గేజి, అయస్కాంతం, టార్చి, అట్టముక్క, షాంపూ కలిపిన నీళ్లు. ఫీలర్ గేజి అంటే సందు కొలిచే సన్నటి రేకుల కట్ట, ఏ టూల్స్ షాపులోనైనా దొరుకుతుంది.

ముందు పార్టును రెండు చేతులతో ఎత్తి అటూ ఇటూ వంచండి. లోపల గలగలమంటే, డబ్బాలోని రేకు అడ్డుగోడ వెల్డింగ్ ఊడి ఉండొచ్చు, లేదా కోసినప్పటి ఇనప ముక్క మిగిలి ఉండొచ్చు. ముక్కయితే బోర్లించి తట్టితే రాలిపోతుంది. అది రాలాక శబ్దం ఆగితే మంచిదే. ఆగకపోతే ఆ పార్టు వద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) అయితే మరీ జాగ్రత్త. లోపల తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. అది కదిలి చప్పుడైతే పగిలిందనో, చుట్టూ ఉన్న మెత్త పట్టు సరిగా పట్టలేదనో అర్థం. ఒక చివర టార్చి వేసి రెండో చివర నుంచి చూడండి, సన్నని గదుల గుండా వెలుగు సమానంగా రావాలి. బయట డబ్బా మాత్రమే ఉండి లోపల ఏమీ లేని కన్వర్టర్‌ను అంటగట్టే అవకాశమూ ఉంది కాబట్టి ఈ చూపు మానకండి.

తర్వాత అయస్కాంతం. "304 స్టెయిన్‌లెస్" అని చెప్పి అమ్మితే దానికి అయస్కాంతం గట్టిగా అంటుకోకూడదు. వంపుల దగ్గర కొద్దిగా లాగితే తప్పు కాదు, స్టీలును వంచినప్పుడు అలా అవుతుంది. 409 రకం స్టెయిన్‌లెస్‌కూ, అల్యూమినియం పూత ఉన్న ఇనుముకూ అయస్కాంతం బాగానే అంటుతుంది. అవి చెడ్డవి కావు, చాలా కార్లకు కంపెనీ నుంచి వచ్చేవీ అవే. మీరు 304కు డబ్బిచ్చారా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇప్పుడు ఫ్లాంజి. నా అనుభవంలో ఎక్కువ లోపాలు ఇక్కడే దొరికాయి. ఫ్లాంజిని పైపుకు వెల్డింగ్ చేసినప్పుడు వేడికి వంగుతుంది. మంచి తయారీదారు తర్వాత ముఖాన్ని అరగదీసి చదును చేస్తాడు, తొందరపడేవాడు వదిలేస్తాడు. స్టీలు స్కేలును ఫ్లాంజి ముఖం మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద సందులోకి ఫీలర్ గేజి రేకు దూర్చండి. 0.2 మి.మీ. లోపు సందైతే మామూలు ప్యాకింగ్ సర్దుకుంటుంది. 0.5 దాటితే ఎంత బిగించినా లీకవుతుంది, బిగించే కొద్దీ చెవులు ఇంకా వంగుతాయి. వెల్డింగ్ చుక్కలు ముఖం మీద పడి గట్టిపడ్డాయేమో గోటితో తడిమి చూడండి.

బోల్టు బెజ్జాల దూరం చూడడానికి అట్టముక్క చాలు. పాత ఫ్లాంజి మీద అట్ట పెట్టి, బెజ్జాల అంచుల వెంట పెన్సిలుతో గీసి, కత్తిరించి, కొత్తదాని మీద పెట్టండి. ఇందులోనే ఇంకో తేడా బయటపడుతుంది. బెజ్జాల దూరం సరిగ్గా ఉన్నా, ఫ్లాంజి మొత్తం పైపు మీద కొద్దిగా తిరిగి వెల్డింగ్ అయి ఉంటుంది. రెండు డిగ్రీలు తిరిగినా, ఆ పైపుకు పక్కగా మీటరు దూరంలో ఉన్న డబ్బా చివర మూడు సెంటీమీటర్లకు పైగా పైకో కిందకో పోతుంది. అందుకే పాతదాన్నీ కొత్తదాన్నీ చదునైన గచ్చు మీద పక్కపక్కన ఒకే తీరులో పడుకోబెట్టి, కొక్కేలు ఎంత ఎత్తులో ఉన్నాయో స్కేలుతో కొలవండి. గచ్చు మీద సుద్దముక్కతో పాతదాని ఆకారం గీసి కొత్తది దాని మీద పెట్టడం ఇంకా తేలిక.

సెన్సర్ బిగించే బెజ్జం ఉన్న పార్టయితే, మరలు చేత్తో చూడండి. ఆక్సిజన్ సెన్సర్ మర సాధారణంగా 18 మి.మీ., పిచ్ (ఒక మరకూ పక్క మరకూ దూరం) 1.5 మి.మీ. పాత సెన్సర్ చేత్తోనే మూడు నాలుగు చుట్లు తిరగాలి. మరల్లో పెయింటో వెల్డింగ్ చుక్కో ఉంటే అక్కడే ఆగుతుంది. పానా వేసి బలవంతం చేస్తే వేలు ఖరీదు చేసే సెన్సర్ పోతుంది.

చివరగా లీకు పరీక్ష. ఒక చివర పాత ట్యూబు రబ్బరు చుట్టి తీగతో కట్టేయండి. రెండో చివర నుంచి ఏసీ సర్వీసింగ్‌కు వాడే చేతి బ్లోవర్‌తో గాలి కొడుతూ, వెల్డింగ్ గీతల మీద బ్రష్‌తో షాంపూ నీళ్లు పూయండి. సూది బెజ్జం ఉన్నచోట బుడగల మాల కట్టినట్టు లేస్తుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి నేరుగా పెట్టకండి, ఆ ఒత్తిడికి మూత ఎగిరి మొహం మీదకు వస్తుంది. నీళ్ల తొట్టిలో ముంచి చూడడమూ వద్దు. శబ్దం తగ్గించే దూది డబ్బాలో ఉంటే తడిసిపోతుంది, ఆ తడి లోపలే నిలిచి తుప్పుకు మొదలవుతుంది.

లోపంలా కనిపించి లోపం కానివి

డబ్బా అడుగున చిన్న బెజ్జం కనబడి, బుడగలు కూడా వస్తే కంగారుపడకండి. చాలా సైలెన్సర్లకు నీరు కారడానికి కావాలనే ఆ బెజ్జం పెడతారు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లటి డబ్బాలో అది మళ్లీ నీరై అడుగున చేరుతుంది. పొద్దున్నే సంతకూ సాయంత్రం బడికీ మాత్రమే తిరిగే బండిలో ఆ నీరు ఆరే సమయం ఉండదు. గుండ్రంగా, శుభ్రంగా, వెల్డింగ్ గీతకు దూరంగా, సరిగ్గా అడుగున ఉంటే అది కావాలని పెట్టిందే. తెలియక దాన్ని వెల్డింగ్‌తో మూసేసిన బండ్లు చూశాను. ఆ డబ్బాలు లోపలి నుంచి కుళ్లిపోతాయి.

వెల్డింగ్ పక్కన నీలం, ఊదా రంగు చారలు వేడి గుర్తులు, లోపం కాదు. మొదటి పావుగంట పెయింటూ నూనె కాలి పొగ, వాసన రావడమూ మామూలే.

వాపసు ఇవ్వాలా, సరిచేయించాలా

ఈ నిర్ణయం గ్రైండర్ పట్టుకోక ముందే జరగాలి. ఒక్క గీత అరగదీసినా, ఒక్క చుక్క వెల్డింగ్ వేసినా "మీరే పాడుచేశారు" అంటారు. ఫొటోల్లో స్కేలు కూడా కనబడేలా తీయండి. "వంకరగా ఉంది" అంటే వాదన అవుతుంది, "పాతదాని కంటే కొక్కెం 22 మి.మీ. పక్కకు ఉంది" అంటే కాదు.

నేనైతే కన్వర్టర్ లోపల చప్పుడున్నా, దిమ్మ పగిలినా, డబ్బా లోపలి రేకు ఊడినా, బెల్లోస్ అల్లిక తెగినా, పైపు వంపే వేరుగా ఉన్నా మారు మాట్లాడకుండా వాపసిస్తాను. ఇవి మన ఊరి వెల్డింగ్ షాపులో నిజంగా బాగుపడేవి కావు. ఫ్లాంజి కొద్దిగా ఎత్తుపల్లాలుగా ఉండడం, బెజ్జం ఒకటి రెండు మి.మీ. జరగడం, ఒకటో రెండో సూది బెజ్జాలు, మరల్లో పెయింటు లాంటివి చేతిపనితో పోతాయి. అయినా ముందు షాపుకు ఫోన్ చేసి, మార్చి ఇస్తారా, మరమ్మతు ఖర్చు ఇస్తారా అని అడగండి. వెల్డింగ్ కూలీ తగ్గించుకుని ఇచ్చిన షాపులూ ఉన్నాయి. ఆ ఒప్పుకోలును వాట్సాప్‌లో రాతగా తీసుకుని అప్పుడు గ్రైండర్ పట్టండి.

సరిచేసే పద్ధతి

ఫ్లాంజి ముఖాన్ని చేతి గ్రైండర్‌తో చదును చేయడం అందరికీ చేతకాదు, ఒకచోట పల్లం పడుతుంది. చదునైన అద్దం పలక మీద 80 నంబరు గరుకు కాగితం పరచి, పైపు చిన్నదైతే ఫ్లాంజిని దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. పైపు పెద్దదైతే వెడల్పాటి ఆకురాయితో అడ్డంగా రుద్దాలి. ముందు ముఖం నిండా మార్కర్ రంగు పూస్తే, రంగు పోయినచోటు మిట్ట, మిగిలినచోటు పల్లం అని తెలుస్తుంది. పావుగంటకోసారి స్కేలు పెట్టి చూడండి. అరగంట పని, కానీ ఏళ్లపాటు లీకుండదు.

బెజ్జాన్ని గుండ్రటి ఆకురాయితో ఒకవైపుకు పొడవు చేయొచ్చు. పైన మందపాటి వాషర్ వేయాలి. రెండు మి.మీ. దాటి పొడవు చేయాల్సి వస్తే ఆగిపోయి వాపసు గురించి ఆలోచించండి.

సూది బెజ్జం మీద ఎక్కువమంది పుట్టీ పూస్తారు. అది వేడికి ఎండి రాలుతుంది. బెజ్జం చుట్టూ మెరిసే లోహం కనబడేదాకా గ్రైండ్ చేసి మిగ్ వెల్డింగ్ (గ్యాసు రక్షణలో సన్నటి తీగతో వేసేది) వేయించండి. ఈ పైపులు సుమారు మిల్లీమీటరున్నర మందమే. మామూలు కరెంటు వెల్డింగ్ రాడ్డుతో కాల్చేస్తే బెజ్జం పెద్దదవుతుంది. స్టెయిన్‌లెస్ పైపుకు స్టెయిన్‌లెస్ తీగే వాడమనండి, లేకపోతే మొదటి వర్షాకాలంలోనే ఆ గీత ఎర్రబడుతుంది. అతుకు ముక్క కావాలంటే నీళ్ల జీఐ పైపు ముక్క వేయనివ్వకండి. దాని జింకు పూత వెల్డింగ్ వేడికి కాలి వచ్చే పొగ పీలిస్తే వెల్డర్‌కు చలి జ్వరం పట్టుకుంటుంది.

వెల్డింగ్ ఏదైనా పార్టు కారు మీద లేనప్పుడే చేయించండి. తప్పనిసరై కారు మీద చేయాల్సి వస్తే బ్యాటరీ మైనస్ తీగ తీసేసి, ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ పక్కనే పెట్టాలి. పెట్రోలు ట్యాంకు పక్కన, సీఎన్‌జీ సిలిండర్ ఉన్న వెనక భాగంలో మాత్రం నేను ఎవరినీ వేయనివ్వను.

అల్యూమినియం పూత వెల్డింగ్ చోట కాలిపోతుంది కాబట్టి, కొత్తదాని అసలు వెల్డింగ్ గీతలకు కూడా బిగించే ముందే తుప్పు గోకి, వేడి తట్టుకునే సిల్వర్ పెయింటు రెండు పూతలు వేయండి. అంతర్వేది, ఓడలరేవు వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఇది మరీ ముఖ్యం. ఇక్కడ సైలెన్సర్ ముందుగా తుప్పుపట్టేది ఆ గీతల వెంటే.

బిగించడం

బండి పూర్తిగా చల్లారాలి. సర్వీసింగ్ ర్యాంపు దొరికితే అదే మేలు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టండి. మన నల్లరేగడి నేలలో జాకీ దిగబడుతుంది కాబట్టి కింద మందపాటి చెక్క వేయండి.

కొత్త ప్యాకింగులు, కొత్త రబ్బర్లు, కొత్త నట్లు వాడండి. అన్నీ వేళ్లతో తిరిగేంత వదులుగానే ముందు నుంచి వెనక దాకా తగిలించి, ఆపైన డబ్బాను చేత్తో ఊపుతూ సరిచేసి, అప్పుడు ఇంజిన్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటీ బిగించుకుంటూ రండి. రెండు బోల్టుల ఫ్లాంజిని అటొక చుట్టు ఇటొక చుట్టుగా బిగించాలి. బెల్లోస్ వంగడానికి చేసినదే గాని మెలితిరగడానికి కాదు. మెలితిప్పి, సాగదీసి బిగిస్తే మా బండికి జరిగిందే జరుగుతుంది.

చుట్టూ కనీసం 20 మి.మీ. ఖాళీ ఉండాలి. బ్రేకు పైపు, పెట్రోలు పైపు, హ్యాండ్‌బ్రేకు తీగ, వెనక బంపర్ ప్లాస్టిక్ దగ్గర మరీ చూడండి. రెండు మీటర్ల ఇనుప పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మి.మీ. పొడవు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆనీ ఆనకుండా ఉన్నది వేడెక్కాక తగులుతుంది.

లీకు భయానికి షాపుల్లో ఎర్ర సిలికాన్ ట్యూబు దట్టంగా పూస్తారు. సెన్సర్‌కు ముందున్న జాయింట్లకు అది వద్దు. సిలికాన్ ఆవిరి సెన్సర్ మొన మీద పొరగా పేరుకుని దాన్ని పాడు చేస్తుంది. ఫ్లాంజి చదునుగా ఉంటే ప్యాకింగ్ ఒక్కటే సరిపోతుంది.

స్టార్ట్ చేసి చూడడం

బండి ఆరుబయట పెట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడెక్కితే లోహం సాగి చిన్న లీకులు దాక్కుంటాయి. మందపాటి తోలు గ్లౌజుతో తడిగుడ్డను తోకపైపుకు రెండు మూడు సెకన్లు అడ్డం పెట్టమని ఒకరికి చెప్పి, మీరు పక్క నుంచి వినండి. జాయింటు దగ్గర "స్‌స్" మన్నా, టిక్కుటిక్కుమన్నా లీకే. పెట్రోలు, గ్యాసు లీకులు లేవని తేల్చుకున్న బండికైతే అగరుబత్తి పొగ జాయింటు దగ్గర పెట్టి చూడొచ్చు, లీకున్నచోట పొగ చెదురుతుంది.

సెన్సర్‌కు ముందు చిన్న లీకున్నా అశ్రద్ధ చేయకండి. పొగ తెరలుతెరలుగా పోతుంది కాబట్టి మధ్యలో బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సర్ "పెట్రోలు తక్కువైంది" అని చెబుతుంది, కంప్యూటర్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోయి, ఇంజిన్ లైటు వెలిగి, మనం ప్లగ్గులూ ఫిల్టర్లూ మార్చుకుంటూ తిరుగుతాం.

బాగుచేసే బదులు కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వేసుకుందామనే సలహా మీకు వస్తుంది. వినకండి. పొల్యూషన్ పరీక్షలో నిలవదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద గాలి, శబ్ద కాలుష్య నియమాలు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

షాపువాడు తీసుకోనంటే

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు లోపమున్న సరుకుకు చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ముందు మర్యాదగా, కొలతలతో, ఫొటోలతో వాట్సాప్ పంపండి. నేను చూసినంతలో "ఏవండీ, మీ కంపెనీవాళ్లకు ఈ ఫొటోలు పంపి చూడండి" అని అడిగితే చాలా షాపులు కదులుతాయి, ఎందుకంటే వాళ్లకు పై నుంచి మార్పిడి దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ సైటు గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. సొంతంగా నడుపుకుని బతికే టాక్సీవాళ్లు "ఇది వ్యాపారం కదా" అని వెనక్కి తగ్గనక్కర్లేదు, స్వయం ఉపాధికి కొన్నవారినీ చట్టం వినియోగదారుగానే చూస్తుంది.

150 కిలోమీటర్ల తర్వాత

ఒక వేడి, ఒక చల్లదనం తిన్నాక కొత్త ప్యాకింగ్ కొద్దిగా అణుగుతుంది. బండి చల్లారాక నట్లన్నీ ఇంకోసారి పానా పెట్టి చూడండి. రబ్బర్లు నిలువుగా వేలాడుతున్నాయో, ఒకవైపు లాగుతున్నాయో గమనించండి. లాగుతుంటే ఫ్లాంజి వదులు చేసి మళ్లీ సర్దండి. గట్టు రోడ్ల మీద, స్పీడ్ బ్రేకర్ల దగ్గర "టంగ్" మని వినబడితే తగిలినచోట మెరిసే గీత పడి ఉంటుంది. తొలకరికి ముందు, వర్షాలు తగ్గాక, డబ్బా అడుగు బెజ్జంలో సన్నటి తీగ ఒకసారి పొడిచి చూడండి. బురదతో మూసుకుపోయి ఉంటే, తీగ తీయగానే ఎర్రటి నీళ్లు కారతాయి.